పిల్లికి కుక్కగొడుగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద కోపం రావాలి, కానీ ముందు అసూయ వస్తుంది, కోపం ఆ వెనకాల నెమ్మదిగా వస్తుంది. ఇరవై రెండేళ్ళ వయసు, రెండేళ్ళ పశువైద్య డిప్లొమా, ప్లస్ గుర్తు వేసిన తెల్ల డబ్బా, మా మేనమామ వాడి వాడి ఇచ్చిన మోటారు సైకిలు. మనిషికి సర్వం తెలిసిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి. ఇప్పుడు నాకు నలభై దగ్గరపడుతున్నాయి, ఎవరైనా టైమెంతయిందని అడిగినా గడియారం రెండుసార్లు చూసి గానీ చెప్పను. ఆ మనిషికీ ఈ మనిషికీ మధ్య ఒక పిల్లి ఉంది. దాని సంగతే చెప్పబోతున్నాను. నవ్వొచ్చిన చోట మొహమాటపడకుండా నవ్వండి. ఇందులో నవ్వొచ్చే చోటే అసలు గొడవంతా ఉంది.

నా మొదటి ఉద్యోగం పెదకాకాని దాటి ఆటోలో అరగంట పోతే వచ్చే ఒక ఊళ్ళో. చుట్టూ మిరప, పత్తి. కాగితం ప్రకారం నేను సహాయకుణ్ణి. గేదెలకు టీకాలు వేయాలి, గొర్రెలకు నట్టల మందు పట్టాలి, గట్టి జబ్బేదైనా వస్తే మండల ఆసుపత్రిలో ఉండే పెద్ద డాక్టరు గారికి ఫోను చేయాలి. కానీ ఊళ్ళో కాగితం ఎవరు చూస్తారు? తెల్ల డబ్బా పట్టుకుని వచ్చినవాడల్లా డాక్టరు గారే. మొదటి రోజు "నేను డాక్టర్ని కాదండీ" అని గట్టిగా చెప్పాను. రెండో రోజు అదే మాట గొణిగాను. మూడో రోజు నుంచి పిలిస్తే పలకడం మొదలుపెట్టాను. (నెల తిరక్కముందే ఒకాయన తన మోకాలి నొప్పికి కూడా నా దగ్గరికి వచ్చాడు. సిగ్గులేకుండా మోకాలు నొక్కి చూశాను.)

ఇక్కడ నా రోగం ఒకటి చెప్పాలి. ఎవరైనా తెలియని ప్రశ్న అడిగితే నాకు లోపల గుండె దడదడలాడేది. ఆ దడ బయటికి కనిపించకుండా ఒక జోకు వేసేవాణ్ణి. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు, ఆ నవ్వులో ప్రశ్న కొట్టుకుపోయేది. "మా గేదె మూడు రోజుల్నుంచి ఎడమపక్కే పడుకుంటందండీ, ఏందంటారు?" అంటే, "కుడిపక్క టీవీ ఉందేమో చూడండి" అనేవాణ్ణి. పాడిరైతు నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. గేదె దానంతట అదే బాగుపడేది. గేదెలు చాలా మంచివి, నాలాంటివాళ్ళ పరువు ఎన్నో ఏళ్ళుగా అవే కాపాడుతున్నాయి.

నాకు గది అద్దెకిచ్చింది టీచరమ్మ గారు. ఆ ఊళ్ళో మిషను వాళ్ళ ప్రాథమిక పాఠశాలలో ముప్పై ఏళ్ళకు పైగా ఒకటో తరగతికీ రెండో తరగతికీ చెప్పిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "రోజూ అరవై మందికి ముక్కులు తుడుస్తున్నాను, చాలదా" అనేవారట. పిల్లలందరూ టౌను బస్సులెక్కి ఇంగ్లీషు బళ్ళకు పోవడంతో ఆ బడి మూతపడింది. మూసే రోజున సామాన్లు సర్దుతుంటే బీరువా అడుగున, పాత హాజరు పట్టీల మధ్య, కళ్ళు కూడా సరిగా తెరవని పిల్లికూన ఒకటి దొరికింది. తల్లి ఎటుపోయిందో తెలియదు. "చివరిరోజు బడికి వచ్చింది అదొక్కటే, దాన్నెలా వదిలేసి రాను" అని చీరకొంగులో వేసుకుని తెచ్చుకున్నారు. బడి నుంచి ఆవిడ ఇంటికి తెచ్చుకున్నవి రెండే. ఒకటి ఆ పిల్లి, రెండోది ఒక చిన్న నల్లబల్ల. బల్లను వరండా గోడకు తగిలించి రోజూ పొద్దున్నే దానిమీద సుద్దతో ఒక మంచిమాట రాసేవారు. ఒకరోజు బైబిలు వాక్యం, ఒకరోజు సామెత, ఒకరోజు "కుళాయి కట్టివేయవలెను".

పిల్లి పేరు మేస్త్రి. మిరప కోతలకు వచ్చే ముఠా మీద గట్టున నిలబడి అజమాయిషీ చేసే మేస్త్రిలాగా, ఎవరు ఏ పని చేస్తున్నా ఎదురుగా వచ్చి కూర్చుని చూసేది, తను మాత్రం పూచికపుల్ల కదిపేది కాదు. ఎలుక కనిపిస్తే, పట్టుకోమన్నట్టు మన మొహం వంక చూసేది. టీచరమ్మ గారు దాన్ని "మేస్త్రి గారూ" అని పిలిచేవారు. నన్ను "డాక్టరు గారూ" అనేవారు. ఊళ్ళో సగం మంది ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే కాబట్టి అందరినీ ఒరే, ఏమే అనే అలవాటు. ఆ వీధిలో ఆవిడ చేత గారు అనిపించుకునేవాళ్ళం ఇద్దరమే, నేనూ పిల్లీ. సాయంత్రంపూట ఆవిడ వరండాలో కూర్చుని పేపరు పైకి చదివేవారు, మేస్త్రి ఎదురుగా కూర్చుని వినేది. పేపరు చదవడం ఆపితే ముందుకాలితో ఆవిడ పాదం మీద తట్టేది. బడి మూతపడ్డాక ఆవిడ చెప్పేది చివరిదాకా కూర్చుని వినే ప్రాణి అదొక్కటేనని నాకు అప్పుడే తెలుసు. తెలిసి చేసిన పనికి తెలియక చేసినట్టు సర్దిచెప్పుకోవడం కుదరదు.

వానాకాలం మొదలైంది. ఒక తెల్లవారుజామున గట్టిగా ఉరిమి వాన పడింది, పొద్దున్నే ఎదురింటి కారం అత్త కొంగునిండా పుట్టగొడుగులు తెచ్చింది. (కారం అత్త అన్నది ఊరు పెట్టిన పేరు. మిరపకాయల కోతకు వెళ్ళేది కాబట్టి అని ఆవిడ అనుకునేది. నోటిని బట్టి అని మేమందరం అనుకునేవాళ్ళం.) "పత్తి చేలో పుట్ట మీద లేచినయ్యి టీచరమ్మా. ఉరిమింది గదా. వండుకోండి. వండినాక ముందు పిల్లికో ముక్కేసి గంటసేపు చూడండి. అది గెంతులేస్తా ఉంటే మనం తింటమే" అంది. మా వైపు అదే పరీక్ష. లేబొరేటరీలు అవీ ఎక్కడో ఉంటాయి గానీ పిల్లి ఇంట్లోనే ఉంటుంది.

టీచరమ్మ గారికి ఆ మాట నచ్చలేదు. "మన అనుమానం తీసుకెళ్ళి దాని నోట్లో పెట్టడం ఏం ధర్మమే? పెడితే నేను తిన్నాకే పెడతాను" అని, నా వైపు తిరిగి, "అది సరే డాక్టరు గారూ, అసలు పిల్లులకు పుట్టగొడుగులు పడతాయా, పడవా?" అని అడిగారు.

నా చదువులో గేదెకు నలభై పేజీలు, కోడికి ఇరవై, పిల్లికి ఒక పేరా. ఆ పేరాలో పుట్టగొడుగులు లేవు. "ఒక్క నిమిషం, రిఫర్ చేసి చెబుతానండీ" అని మేడమెట్ల మీది చివరి మెట్టు దాకా ఎక్కాను. ఆ ఇంటికి ఫోనులో నెట్ అక్కడ మాత్రమే వచ్చేది, అదీ చెయ్యి చాపితేనే. ఇంగ్లీషులో కొట్టాను. పేజీ పైనుంచి కిందికి చాలా నిదానంగా దిగింది. మొదటి వాక్యం వచ్చింది, అవును తినవచ్చు అన్న అర్థంతో. రెండో వాక్యం "అయితే" అన్న మాటతో మొదలైంది. అక్కడ చక్రం తిరగడం మొదలుపెట్టింది. కాసేపు చూశాను. చెయ్యి నొప్పి పుట్టింది. అయితే తర్వాత ఏముంటుందిలే అనుకుని కిందికి దిగి వచ్చి, "నిక్షేపంగా తినొచ్చండీ. సైన్సు ఒప్పుకుంది" అన్నాను.

ఆవిడ నా మాటను ఎంత గౌరవించారంటే మర్నాడు పొద్దున్న బల్ల మీద గుండ్రటి అక్షరాలతో, "పిల్లులు పుట్టగొడుగులు తినవచ్చును" అని రాసి, కింద చిన్నగా "డాక్టరు గారు" అని పెట్టారు. దారినపోయే వాళ్ళందరూ ఆగి చదివారు. నేను రెండు రోజుల పాటు అవసరం లేకపోయినా ఆ వరండాలో తిరిగాను. రోజూ మారే మంచిమాటను ఆవిడ నా మీది మర్యాదతో చెరపకుండా అలాగే ఉంచేశారు. ఇంతకీ ఆ పుట్టగొడుగులు మంచివే. కూర అమోఘంగా ఉంది. ఉప్పూకారం వేయకముందే తీసిన నాలుగు ముక్కలు మేస్త్రికి పెడితే తిని, గిన్నె నాకి, ఇంకా ఏదీ అన్నట్టు నా మొహం చూసింది. దానికి ఆ రుచి తెలిసింది. అది కూడా నా పుణ్యమే.

పది రోజులు ఆగని ముసురు పట్టింది. ఇంటి వెనక, పొయ్యిలోకని పోయిన ఏడాది పీకి పేర్చిన పత్తికట్టె వామి ఉండేది. అది తడిసి నాని, అడుగున తెల్లగా, సన్నగా, గుంపులు గుంపులుగా గొడుగులు లేచాయి. పుట్ట మీద లేస్తే పుట్టగొడుగు, తింటారు. పెంటమీదా, కుళ్ళిన కట్టెమీదా లేస్తే కుక్కగొడుగు, ముట్టుకోరు. ఇది మా ఊళ్ళల్లో అయిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. మేస్త్రి పగలంతా పడుకునేది ఆ వామి మీదే. టీచరమ్మ గారు చూసి వచ్చి, "డాక్టరు గారూ, వెనక వామి దగ్గర కుక్కగొడుగులు లేచినయ్యి. మేస్త్రి గారు వాసన చూస్తన్నారు. తీయించేద్దామా? పిల్లికి అయ్యేమన్నా చేస్తయ్యా?" అని అడిగారు.

మళ్ళీ ప్రశ్న. మెట్లెక్కుదామంటే వాన పడుతోంది. కారం అత్త కూడా అక్కడే నిలబడి నా మొహం చూస్తోంది. గుండె దడదడలాడింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అవి కుక్కగొడుగులు కదండీ. కుక్కలకి. పిల్లి ఎందుకు తింటుంది, దాని పరువేం కావాలి?"

టీచరమ్మ గారు నవ్వారు. నేను ఆ ఇంట్లో ఉన్న ఏడు నెలల్లో ఆవిడ అలా నవ్వడం చూసింది ఆ ఒక్కసారే. మామూలుగా ఆవిడ చిరునవ్వు నవ్వి సరిపెట్టేవారు. ఆ రోజు స్తంభం పట్టుకుని, కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కారం అత్త అయితే "దాని పరువేం గావాల" అని నాలుగుసార్లు అనుకుని మరీ నవ్వింది. సాయంత్రానికి ఆ జోకు టీకొట్టు దాకా పాకింది. నేను టీ తాగడానికి వెళితే ఒకాయన నా జోకే నాకు చెప్పాడు. నేను మొదటిసారి విన్నట్టు నవ్వాను. నా జీవితంలో అంతకన్నా గర్వంగా గడిచిన సాయంత్రం ఇంకొకటి లేదు. ఆ నవ్వులో, వామి తీయించాలన్న మాట ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్న ఎనిమిదింటికి టీచరమ్మ గారు నా గది తలుపు తట్టారు. మేస్త్రి గారిని ఒకసారి చూడమన్నారు. మేస్త్రి వరండాలో గోడవారగా ఉంది. నోటివెంట నురగ, కాళ్ళు తడబడుతున్నాయి. లేచి నాలుగడుగులు వేసి పక్కకి ఒరిగిపోయింది. చుట్టూ రెండు మూడు చోట్ల కక్కుకుంది. కారం అత్త పరుగెత్తుకు వచ్చి చూసి, "మందు తిన్న ఎలకని తినుంటది. పత్తికి మందు కొడతన్నారు గదా, ఇంకేముంది" అంది. పురుగుమందు అన్న మాట వినగానే నా ప్రాణం లేచి వచ్చింది. ఒక మూగజీవి ఎదురుగా కొట్టుకుంటుంటే, అది పురుగుమందే అయ్యుండాలి దేవుడా అని మనసులో మొక్కుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా అదే జరిగింది. "అంతే అంతే, పురుగుమందే" అని గబగబా అన్నాను.

టీచరమ్మ గారు వంగి, చీపురుపుల్లతో అది కక్కినదాన్ని అటూ ఇటూ కదిపి చూశారు. ఒకటో తరగతి పిల్లల పలకలు దిద్దినంత శ్రద్ధగా చూశారు. "డాక్టరు గారూ, ఇయ్యి గొడుగు ముక్కలు కావూ?" అన్నారు. తెల్లటి సన్నటి కాడలు. కళ్ళుమూసుకున్నా తెలుస్తుంది. అవునండీ అన్నాను.

పెద్ద డాక్టరు గారికి ఫోను చేస్తే వెంటనే తీసుకు రమ్మన్నారు. దాన్ని దేంట్లో తీసుకెళ్ళాలి? ఇల్లంతా వెతికితే చేతికి దొరికింది ఒక ఖాళీ టిక్కీ. మిరపకాయలు తొక్కి నింపే పెద్ద గోనెసంచిని మా వైపు టిక్కీ అంటారు. రెండుసార్లు దులిపి అందులో మేస్త్రిని పెట్టి, తల బయటికి ఉంచి, ఆటో ఎక్కాం. దులిపామనుకున్నాం గానీ, గుంటూరు మిరపకాయ సంచిలోంచి పోతుందా? ఆటో గుంతలో పడ్డప్పుడల్లా సంచిలోంచి ఎర్రటి దుమ్ము లేచేది. ముందు నేను తుమ్మాను, తర్వాత టీచరమ్మ గారు తుమ్మారు, ఆ తర్వాత డ్రైవరు తుమ్మి ఆటోను మిరపచేలోకి దించబోయాడు. చివరికి మేస్త్రి తుమ్మింది. సన్నగా, పిల్లలు తుమ్మినట్టు. "తుమ్మిందంటే బతుకుద్దండీ. తుమ్ము ఆయుష్షు" అన్నాడు డ్రైవరు. టీచరమ్మ గారు అలాంటివి నమ్మే మనిషి కాదు. కానీ "అవునా నాయనా" అని అడిగి, ఆసుపత్రి వచ్చేదాకా అది మళ్ళీ తుమ్ముతుందేమోనని దాని మొహం చూస్తూ కూర్చున్నారు. ముగ్గురం కళ్ళనీళ్ళు కారుస్తూ ఆసుపత్రిలోకి వెళ్ళాం. అవి మిరపకాయ వల్ల వచ్చినవో, కాదో, అప్పుడు ఎవరూ ఎవర్నీ అడగలేదు.

పెద్ద డాక్టరు గారు గేదెలూ ఎద్దుల మధ్య తిరిగే మనిషే అయినా పిల్లిని చాలా జాగ్రత్తగా చూశారు. బొగ్గుపొడి నీళ్ళలో కలిపి పట్టారు. ఉన్న వాటిలో సన్నసూది వెతికి సెలైను ఎక్కించారు. స్టాండు ఎద్దుల షెడ్డులో ఉంటే, సీసా నన్ను పట్టుకోమన్నారు. నేను చెయ్యి పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని, "అమ్మా, కొట్లో అమ్మే తెల్లవి ఉంటాయి, అవి ఉడకబెట్టి, ఉప్పూ కారం లేకుండా ఒకటి రెండు ముక్కలు వేస్తే పిల్లికి ఏమీ కాదు. బయట లేచేవి ఏవైనా సరే, దాని దగ్గరికి పోనివ్వకూడదు. మంచివేవో చెడ్డవేవో మనుషులకే తెలియక చస్తున్నారు. లివరు మీద దెబ్బ కొడతాయి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఏమయ్యా, ఆ ఇంట్లోనే ఉంటున్నావుగా, చెప్పలేదా నువ్వు?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే టీచరమ్మ గారు, "చెప్పారండీ. డాక్టరు గారు చెప్పారు. నేనే వినలేదు" అన్నారు.

ముప్పై ఏళ్ళు "అబద్ధము ఆడరాదు" అని వందల మంది చేత కాపీ రాయించిన మనిషి. పెద్ద డాక్టరు గారికి కోపం వచ్చింది. చదువుకున్నవాళ్ళు మీరే ఇట్లా చేస్తే ఎట్లా అని, మూగజీవాన్ని పెంచుకోవడం కాదు చూసుకోవడం తెలియాలి అని, చెడామడా చీవాట్లు పెట్టారు. ఆవిడ చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడి అన్నీ విన్నారు. నేను సీసా పట్టుకుని చెయ్యి పైకెత్తి అలాగే నిలబడ్డాను. బడిలో అయితే జవాబు తెలిసినవాడు అలా చెయ్యెత్తుతాడు. నాకు జవాబు తెలుసు. సెలైను అయిపోయే దాకా చెయ్యి దించలేదు, నిజం చెప్పలేదు.

ఆ సాయంత్రం మేస్త్రిని ఇంటికి తెచ్చుకున్నాం, మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంది. ఆ పొద్దున్న కొంచెం తేరుకున్నట్టు తల ఎత్తింది, మాకు ఆశ పుట్టింది. టీచరమ్మ గారు పక్కన కూర్చుని ఆనాటి పేపరు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. పత్తి ధరలు, భూముల కబుర్లు, ఒంగోలు గిత్తల పందేలు, ఏదీ వదల్లేదు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆపారు. ఎప్పుడూ ఆపగానే పాదం మీద తట్టే కాలు కదల్లేదు. ఆవిడ ఇంకో రెండు వాక్యాలు చదివి, పేపరు మడతపెట్టి పక్కన పెట్టారు.

వెనక పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన గుంట నేనే తవ్వాను. నల్లరేగడి, వానకు నానినా పలుగుకు అతుక్కుని ఓ పట్టాన వదల్లేదు. మట్టి కప్పడం అయ్యాక చెప్పేశాను. "టీచరమ్మ గారూ, ఆ రోజు నాకేమీ తెలియదండీ. తెలియక జోకు వేశాను. మొదటిసారి కూడా పేజీ మొత్తం చదవలేదు" అన్నాను. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"నాకు తెలుసు నాయనా. ఆ జోకు నాతోనే గదా అన్నావు" అన్నారు ఆవిడ.

"మరి ఆయనకెందుకు అట్లా చెప్పారు?"

"నన్నయితే ఆయన ఒక్క పూట తిడతాడు. నిన్నయితే నువ్వు రిటైరయ్యేదాకా తిడతాడు. పైగా నవ్వింది నేను. నవ్వకుండా పోయి కట్టె తీయించి ఉంటే సరిపోయేది." నా భుజం మీది మట్టి దులిపి, "తెలియదు అని చెప్పడం ఒకటో తరగతిలోనే నేర్పాల. నువ్వు నా దగ్గర చదవలేదు, అదీ వచ్చిన చిక్కు" అన్నారు. ఆవిడ నన్ను నువ్వు అనడం, నాయనా అనడం అదే మొదలు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ డాక్టరు గారూ అని పిలవలేదు. ఆ ఇంట్లో గారు అనిపించుకునేవాళ్ళు ఇక ఎవరూ మిగల్లేదు.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ చూడకముందు ఆ బల్ల మీది వాక్యం చెరిపేద్దామని తడిగుడ్డ పట్టుకుని వరండాలోకి వెళ్ళాను. అప్పటికే ఆవిడ లేచి దిద్దేశారు. కొట్టేయలేదు, చెరపలేదు. పిల్లులు అన్న మాట తర్వాత హంసపాదు పెట్టి, పైన చిన్న అక్షరాలతో "కొట్టులో కొన్న, ఉడికించిన" అని చేర్చారు. ఇప్పుడది నిజమైన మాట. కింద డాక్టరు గారు అన్న సంతకం అలాగే ఉంది. నేను తడిగుడ్డ పట్టుకుని వెనక్కి వచ్చి, సాయంత్రం దాకా పత్తికట్టె మోసి ఊరి బయట పారబోశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ అడగని పని, ఎవరికీ పనికిరాని పని. అయినా చేయకుండా ఉండలేకపోయాను.

తర్వాత నాకు ప్రకాశం వైపు బదిలీ అయింది. ఇప్పుడు ఒంగోలులో ఒక ఆఫీసులో కూర్చుంటున్నాను, కొత్తగా చేరిన కుర్రాళ్ళను నా దగ్గరికి పంపుతారు. వాళ్ళకు మేస్త్రి సంగతి చెబుతాను. ఒక పిల్లి నా వల్ల చచ్చిపోయింది, తెలియకపోతే తెలియదని చెప్పండి అంటాను. జోకు మాత్రం చెప్పను. చెబితే నవ్వుతారని భయం. వాళ్ళకు నేనో ముసలి నస.

మొన్న వానాకాలంలో గుంటూరులో పనిపడి, అట్నుంచి ఆ ఊరికి వెళ్ళాను. టీచరమ్మ గారికి చూపు తగ్గింది, మనిషి సన్నబడ్డారు. వరండాలో కారం అత్తా, ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. టీచరమ్మ గారు నన్ను గొంతును బట్టి గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "ఇదిగో, నేను చెబుతుంటానే, ఆ జోకేసిన డాక్టరు ఈయనే" అన్నారు. అన్ని ఏళ్ళుగా ఆవిడ దాన్ని అందరికీ చెబుతున్నారని అప్పుడు తెలిసింది. చెప్పడం మొదలుపెట్టారు. ముసురు, వామి, కుక్కగొడుగులు, వాసన చూస్తున్న మేస్త్రి గారు, మెట్లెక్కలేక మొహం మాడ్చుకున్న నేను. నా గొంతు కూడా అనుకరించారు. "దాని పరువేం కావాలి" అనేసరికి అందరూ మిరపకాయలు వదిలేసి నవ్వారు. అక్కడితో ఆవిడ ఆపేశారు.

వాళ్ళు వెళ్ళాక, "మిగతాది తెలియనివాళ్ళకు చెప్పరా?" అని మెల్లిగా అడిగాను.

"చెప్పను" అన్నారు. "అక్కడిదాకే చెబుతా. అక్కడిదాకా మేస్త్రి గారు బతికే ఉన్నారు గదా."

నాకు ఏమనాలో తెలియలేదు. తెలియదనే చెప్పాను. ఆవిడ నా చెయ్యి తట్టారు. నేను మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను, మొదట్నుంచి, నా ఒక్కడికే. వాన వచ్చేట్టు ఉంది, చీకటి పడకముందే బస్సు అందుకోవాలి, అయినా కూర్చున్నాను. ఆవిడ ముసురు దగ్గర మొదలుపెట్టి వామి మీదుగా ఆ జోకు దాకా వచ్చారు. ఈసారి నేనూ నవ్వాను. ఆ కుర్రాడు నిజంగా బాగానే వేశాడు.